బండి తీసే ముందు ఫోన్ సంగతి

కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం వెళ్లే 44వ నంబరు హైవే ఎక్కే ముందు ఇవి చూసుకోండి.

• మ్యాప్‌లో దారి ఇంటి దగ్గరే పెట్టుకుని, ఫోన్‌ను స్టాండ్‌లో బిగించండి. దారి చూసుకోవడానికి ఫోన్ వాడొచ్చని నిబంధనలే అంటున్నాయి, అదీ ధ్యాస చెదరనంత వరకే.

• డు నాట్ డిస్టర్బ్ ఆన్ చేసి, చేరాక మేమే ఫోన్ చేస్తామని ఇంట్లో చెప్పేయండి. సగం కాల్స్ "యాడున్నావప్పా?" అని అడగడానికే వస్తాయి.

• హెల్మెట్‌లో ఫోన్ ఇరికించి మాట్లాడకండి. చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా అంటారు, మెదడు ఖాళీగా ఉండదే! గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మెసేజ్ మీద 3 సెకన్లు చూపు నిలిపితే 50 మీటర్లు రోడ్డు చూడకుండా నడిపినట్టే. ఆలోపు గొర్రెల మంద అడ్డం రావచ్చు, రాంగ్ రూట్లో ట్రాక్టర్ ఎదురు కావచ్చు.

• వెనక ఎవరైనా కూర్చుంటే ఫోన్ వాళ్లకిచ్చేయండి. అన్నిటికంటే సులువు.

• తప్పని కాల్ అయితే పెట్రోల్ బంకులోనో డాబా దగ్గరో ఆపండి. హైవే అంచున ఆపితే అదింకో ప్రమాదం.

• మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, బండి నడుపుతూ ఫోన్ వాడి మొదటిసారి దొరికితేనే జరిమానా 1,000 నుంచి 5,000 రూపాయలు. జైలుకూ వీలుంది.

• నడిచేవాళ్లు కడప ఏడురోడ్ల కూడలి లాంటి చోట ఇయర్‌ఫోన్స్ తీసి జేబులో పెట్టుకోండి. రైలు పట్టాల దగ్గరైతే మరీ ముఖ్యం.

• ఏ అత్యవసరానికైనా 112, అంబులెన్సుకు 108, హైవే సాయానికి 1033 నంబర్లు ముందే సేవ్ చేసుకోండి.