ఆటల ఫొటోలు, వీడియోల కోసం కెమెరా మార్చేవారికి

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో ఆటల ఫొటోలు తీసేవారిలో ఎక్కువ మంది పెళ్లిళ్ల ఫొటోగ్రఫీ మీద బతికేవారే. పెళ్లిళ్ల కోసం కొన్న కెమెరాతోనే సంక్రాంతి కబడ్డీ పోటీలకు, కాలేజీల వాలీబాల్ టోర్నమెంట్లకు, గద్వాల, ఆలంపూర్ వైపు జరిగే బండలాగుడు పోటీలకు వెళ్తుంటారు. మండపంలో ఏనాడూ ఇబ్బంది పెట్టని కెమెరా మైదానంలో చేతులెత్తేస్తుంది. అప్పుడు నేరుగా దుకాణానికి వెళ్లి ఇంతకంటే మంచిది చూపించమని అడిగితే, సాధారణంగా ముందుకు వచ్చేది ఎక్కువ మెగాపిక్సెళ్లున్న కెమెరా. ఆటల ఫొటోలకు మెగాపిక్సెళ్లతో పెద్దగా పని లేదు. 20 నుంచి 24 మెగాపిక్సెళ్లు పత్రికకూ, ఫ్లెక్సీకీ, ఫోన్ తెరకూ సరిపోతాయి. కాబట్టి మొదట తేల్చుకోవలసింది ఏ కెమెరా కొనాలన్నది కాదు, ఇప్పుడున్న కెమెరాతో ఎలాంటి ఫొటో చేజారుతోందన్నది.

చెడిపోయిన ఫొటోలను చదవడం

ఈమధ్య తీసిన ఏదైనా ఒక పోటీ ఫొటోలను, బాగా వచ్చినవాటిని పక్కన పెట్టి, చెడిపోయినవాటిని మాత్రమే కంప్యూటర్‌లో తెరిచి పూర్తి సైజులో చూడండి. ఉదాహరణకు కూతకు వెళ్లిన ఆటగాడు బోనస్ గీత మీదికి కాలు చాపిన క్షణం ఉందనుకోండి. అతని ముఖం, జెర్సీ మీది అంకె, చాపిన కాలి వేళ్లు, వెనుక కూర్చున్న ప్రేక్షకుల ముఖాలు, ఈ నాలుగింటినీ వరుసగా పరిశీలించాలి. ప్రేక్షకులు స్పష్టంగా ఉండి, ఆటగాడి నడుము కొంతవరకు నిలకడగా కనిపిస్తూ, చేతులు, కాళ్లు మాత్రం గీతల్లా సాగిపోయి ఉంటే అది షట్టర్ వేగం చాలకపోవడం. ప్రేక్షకుల కళ్లు కూడా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉండి, ఆటగాడు తల నుంచి పాదం దాకా ఒకే తీరున మెత్తగా ఉంటే అది ఫోకస్ తప్పడం. అన్నీ స్పష్టంగానే ఉండి, పట్టు పడకముందు ఒక ఫొటో, అందరూ లేచి దుమ్ము దులుపుకునేటప్పుడు ఇంకొక ఫొటో మాత్రమే ఉంటే, అది వరుస ఫొటోల వేగమో బఫరో (ఫొటోలు కార్డుకు చేరేలోపు కెమెరాలో ఆగే జాగా) చాలకపోవడం, లేదా మన వేలు ఆలస్యం కావడం.

మొదటి లోపానికి మందు లెన్స్‌లో ఉంటుంది, రెండవ దానికి బాడీలో, అంటే లెన్స్ కాక మిగిలిన కెమెరాలో ఉంటుంది, మూడవది కొంత బాడీలోనూ చాలావరకు అభ్యాసంలోనూ ఉంటుంది. పైసా ఖర్చు పెట్టే ముందు ఇంకొకటి చూసుకోవాలి. ఫోకస్ విధానం ఒకసారి పట్టి ఆగిపోయే వన్ షాట్‌లో ఉండిపోయిందా, కదిలే వస్తువును వెంబడించే సర్వో విధానంలో ఉందా? వెలుతురును బట్టి సెన్సర్ సున్నితత్వాన్ని కెమెరాయే మార్చుకునే ఆటో ఐఎస్ఓ పెట్టినప్పుడు షట్టర్ వేగం సెకనులో 1000వ వంతుకు తగ్గకుండా కట్టుబాటు పెట్టారా? పాత కెమెరాల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఈ రెండు సెట్టింగుల్లోనే ఉంటుంది.

ముందు లెన్స్

కబడ్డీకి, ఖోఖోకు సెకనులో 1000వ వంతు, వాలీబాల్ స్మాష్‌కు 1600వ వంతు, క్రికెట్ బంతి బ్యాటును తాకే క్షణానికి 2000వ వంతు షట్టర్ వేగం అవసరమవుతుంది. పగటి ఎండలో ఇదొక సమస్యే కాదు. మన ఊళ్లలో పోటీలు సాయంత్రం మొదలై, స్తంభాలకు కట్టిన లైట్ల కింద అర్ధరాత్రి దాకా సాగుతాయి కాబట్టే చిక్కంతా వస్తుంది. లెన్స్ మీది ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అది అంత ఎక్కువ తెరుచుకుంటుంది. కెమెరాతో పాటు వచ్చే 55-250 వంటి జూమ్ లెన్స్ పూర్తిగా లాగినప్పుడు ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్/2.8 లెన్స్ దానికి నాలుగింతల వెలుతురును లోపలికి రానిస్తుంది, అంటే మొదటి దానితో ఐఎస్ఓ 12800 పెట్టవలసి వచ్చిన చోట రెండవ దానితో 3200 సరిపోతుంది, ఫొటోలో గరుకు తగ్గుతుంది. ఎఫ్/1.8 లెన్స్ అయితే దాదాపు 1250తోనే పని జరిగిపోతుంది. ఇంత తేడాను ఏ కొత్త బాడీ తన సెన్సర్ బలంతో తీసుకురాలేదు. అందుకే ఉన్న డబ్బులో సగానికి పైగా లెన్స్‌కే కేటాయించమని నేను గట్టిగా చెబుతాను.

ఏ లెన్స్ అన్నది ఆటను బట్టి, మనం కూర్చునే చోటును బట్టి ఉంటుంది. పురుషుల కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. చివరి గీత వెనుక కూర్చుంటే నడి గీత ఆరున్నర మీటర్ల దూరంలో ఉంటుంది. ఏపీఎస్-సీ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) ఉన్న కెమెరాకు 85 ఎంఎం లెన్స్ తగిలించి అడ్డంగా పట్టుకుంటే ఆ దూరంలో దాదాపు 1.7 మీటర్ల వెడల్పు పడుతుంది, అంటే కూతకు వచ్చిన ఆటగాడొక్కడు నిండుగా వస్తాడు. 50 ఎంఎం అయితే మూడు మీటర్లకు కొంచెం తక్కువగా పడుతుంది, గొలుసు కట్టిన ముగ్గురు నలుగురు కలిసి లాగే పట్టు మొత్తం అందులో ఇముడుతుంది. ఈ రెండూ ఎఫ్/1.8లో దొరుకుతాయి, ముఖ్యంగా 50 ఎంఎం చాలా చవక. రాత్రి కబడ్డీ మాత్రమే తీసేవారు కెమెరా మార్చే ఆలోచనను ఈ రెండు లెన్సులు వాడి చూసేదాకా వాయిదా వేసుకోవచ్చు.

వాలీబాల్‌కు, ఖోఖోకు 70-200 ఎఫ్/2.8కు మించినది లేదు. దాని ధర చూసి వెనకడుగు వేసేవారు హైదరాబాదు కోఠి దుకాణాల్లో పాత తరం లెన్స్ వాడినది వెతుక్కోవచ్చు. నల్లగొండ ఎన్‌జీ కళాశాల మైదానం వంటి చోట పగటి పూట జరిగే క్రికెట్‌కు పద్ధతి వేరు. అక్కడ బౌండరీ నుంచి పిచ్ అందాలంటే 400 ఎంఎం పైన కావాలి, వెలుతురుకు కొరత ఉండదు కాబట్టి ఎఫ్/6.3 దాకా మాత్రమే తెరుచుకునే 150-600 తరహా లెన్స్ నిశ్చింతగా సరిపోతుంది.

బాడీ ఎప్పుడు మార్చాలి

లెన్స్ సరిగా ఉండి, సర్వో విధానం పెట్టి, ఇంకా పది ఫొటోల్లో ఆరేడు ఫోకస్ తప్పుతుంటే బాడీ మార్చే సమయం వచ్చినట్లే. మన దగ్గర విరివిగా కనిపించే కానన్ 1500డీలో ఉన్నవి 9 ఫోకస్ పాయింట్లు, వరుస ఫొటోల వేగం సెకనుకు 3. నికాన్ డీ3500లో 11 పాయింట్లు, సెకనుకు 5. ఆటగాడు ఫ్రేము మధ్య నుంచి పక్కకు జరిగితే వీటికి దిక్కు తోచదు. లోపల అద్దం లేని కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు సెన్సర్ మీదనే ఫోకస్‌ను కొలుస్తాయి కాబట్టి ఫ్రేము అంచు దాకా ముఖాన్నీ కంటినీ వెంబడించగలుగుతాయి. మార్పులో అసలు లాభం ఇదే, మిగిలినవన్నీ దీని తర్వాతే.

2022లో వచ్చిన కానన్ ఆర్10 మెకానికల్ షట్టర్‌తో సెకనుకు 15 ఫొటోలు తీస్తుంది. దాని పెద్దన్న ఆర్7లో అదే వేగంతో పాటు బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే సదుపాయం), రెండు కార్డుల స్లాట్లు ఉన్నాయి. నికాన్ జెడ్50-2 (2024), సోనీ ఏ6700 (2023) రెండూ సెకనుకు 11. నా దృష్టిలో ఫొటోలే ప్రధానమైన వారికి ఆర్10, వీడియో కూడా సమానంగా తీసేవారికి ఏ6700 తగినవి. అయితే ఇంట్లో ఉన్న లెన్సులు ఏ కంపెనీవన్నది ఈ తేడాలన్నింటికంటే పెద్ద లెక్క. కానన్ ఈఎఫ్ లెన్సులన్నీ అడాప్టర్‌తో ఆర్ కెమెరాల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్‌లో ఏఎఫ్-ఎస్ లెన్సులు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో పనిచేస్తాయి గాని, లోపల మోటారు లేని పాత ఏఎఫ్-డీ లెన్సులకు ఆటోఫోకస్ ఉండదు, చేత్తో తిప్పుకోవలసిందే. ఈ సంగతి అమ్మేవారు చాలాసార్లు చెప్పరు.

సెకనుకు 30 ఫొటోలని పెట్టె మీద రాసి ఉంటే అది తెర కదలకుండా సెన్సర్‌ను చదివి తీసే ఎలక్ట్రానిక్ షట్టర్ లెక్కని గుర్తించండి. ఈ ధరలో వచ్చే కెమెరాల సెన్సర్ పై వరుస నుంచి కింది వరుస దాకా చదవడానికి కొంత సమయం తీసుకుంటుంది కాబట్టి, ఆ లోపు కదిలిన బ్యాటు వంగినట్లు, బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉన్నట్లు పడుతుంది. నికాన్ జెడ్9, సోనీ ఏ9-3 వంటివి ఈ బాధను దాటేశాయి గాని వాటి ధర మన చర్చకు అందదు. ఆటకు మెకానికల్ షట్టర్ వేగాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

ఎల్ఈడీ లైట్లు ఇంకొక తలనొప్పి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కావడంతో చవక రకం లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గాని 1000వ వంతు వేగంతో తీసిన వరుస ఫొటోల్లో ఒకటి వెలుగుగా, తర్వాతిది చీకటిగా, మూడవది సగం పసుపు సగం నీలంగా వస్తుంది. యాంటీ ఫ్లికర్ అనే సదుపాయం వెలుగు గరిష్ఠంగా ఉన్న క్షణం కోసం షట్టర్‌ను కొద్దిగా ఆపి వదులుతుంది. రాత్రి ఆటలు తీసేవారు ఇది లేని బాడీని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు.

బండలాగుడు పోటీల గురించి విడిగా చెప్పాలి. అక్కడ వేగం తక్కువ, 500వ వంతు చాలు. కాని ఎడ్ల గిట్టల నుంచి లేచే దుమ్ము, మధ్యలో అడ్డం వచ్చే చర్నాకోల, వెంట పరుగెత్తే మనుషులు ఫోకస్‌ను లాగేసుకుంటారు. కెమెరాల్లో జంతువుల గుర్తింపు ఎక్కువగా కుక్కలు, పిల్లులు, పక్షుల కోసం తయారైనది, ఎడ్లను ఒకసారి పట్టుకుని ఇంకోసారి వదిలేస్తుంది. కాబట్టి దాన్ని ఆపేసి, ఫ్రేము మధ్యలో ఒక జోన్ ఎంచుకుని, అడ్డం వచ్చినవాటిని పట్టించుకోని ట్రాకింగ్ పెట్టుకోవాలి. కానన్‌లో దీన్ని కేస్ 2 అంటారు. కొనే కెమెరాలో ఇలా మార్చుకునే వీలుందో లేదో ముందే చూడండి.

భువనగిరి కోట బండ మీద రాక్ క్లైంబింగ్ తీసేవారు మాత్రం బాడీ మార్చనవసరం లేదు. పర్వతారోహకురాలు మాలావత్ పూర్ణ ఎవరెస్టుకు ముందు సాధన చేసిన ఆ ఏకశిల మీద ఎవరూ పరుగెత్తరు. హెల్మెట్‌కు తగిలించుకునే చిన్న యాక్షన్ కెమెరా ఒకటి చేర్చుకుంటే ఎక్కేవారి చూపు కూడా దొరుకుతుంది. గోప్రో వంటివి పైకవచం లేకుండానే 10 మీటర్ల లోతు నీటిని తట్టుకుంటాయి కాబట్టి సాగర్, సోమశిల వైపు నీటి ఆటలకూ పనికివస్తాయి. చీకటి పడ్డాక మాత్రం వాటి చిన్న సెన్సర్ మీద ఆశ పెట్టుకోకండి.

వీడియో

వీడియోకు ఫొటో లెక్కలు చెల్లవు. సెకనుకు 25 ఫ్రేములైతే షట్టర్ 50వ వంతు, 50 ఫ్రేములైతే 100వ వంతు పెడితే కదలిక సహజంగా కనిపిస్తుంది, మన కరెంటు లైట్ల మినుకు కూడా చాలావరకు పడదు. మెనూలో ఎన్‌టీఎస్‌సీ బదులు మన దేశపు వీడియో పద్ధతి అయిన పాల్ ఎంచుకుంటేనే 25, 50, 100 ఫ్రేముల వరుస కనబడుతుంది. 100 ఫ్రేములతో తీసి 25తో ఆడిస్తే నాలుగింతల స్లో మోషన్ వస్తుంది, అయితే రాత్రి లైట్ల కింద దాన్ని ముందు పరీక్షించి చూడాలి.

4కే 60 అని రాసి ఉన్నంత మాత్రాన సెన్సర్ మొత్తం వాడుతుందని అనుకోవద్దు. ఆర్10, జెడ్50-2 ఆ వేగంలో ఫ్రేమును గట్టిగా కోసేస్తాయి, కోర్టు మొత్తం కావాలంటే ఇంకా వెడల్పు లెన్స్ కావలసి వస్తుంది. ఎండాకాలంలో మరో చిక్కు ఉంది. ఈ కెమెరాలకు కంపెనీలు చెప్పే పని ఉష్ణోగ్రత సాధారణంగా 40 డిగ్రీల వరకే, నల్లగొండ మే నెల దాన్ని సునాయాసంగా దాటుతుంది. మ్యాచ్ మొత్తం ఆపకుండా 4కేలో తీయాలనుకునేవారు గొడుగు నీడ, విడి బ్యాటరీలు లెక్కలో వేసుకోవాలి, లేదా పూర్తి మ్యాచ్‌ను ఫుల్ హెచ్‌డీలో తీసి, ముఖ్యమైన ఘట్టాలకే 4కే వాడాలి. కార్డు మీది వేగం గుర్తు వీ30కి తగ్గకూడదు. బాడీలో వేగంగా రాసే యూహెచ్‌ఎస్-2 కార్డు స్లాట్ ఉంటే వీ60 కార్డు వేస్తే వరుస ఫొటోల తర్వాత బఫర్ త్వరగా ఖాళీ అవుతుంది.

కొనే రోజు

దుకాణంలో గల్లా ముందు నిలబడి చేసిన పరీక్షతో ఏదీ తేలదు. హైదరాబాదులో ఒక రోజు అద్దెకు తెచ్చుకుని, మీ ఊరి మైదానంలో, పొద్దు గుంకాక లైట్లు వేసిన తర్వాత, ఒక కుర్రవాడిని మీ వైపు నేరుగా పరుగెత్తమని, తర్వాత అడ్డంగా, ఆ తర్వాత ఇద్దరు ముగ్గురి మధ్య నుంచి పరుగెత్తమని చెప్పండి. ప్రతి పరుగుకూ ఒక వరుస తీసి, కన్ను స్పష్టంగా ఉన్న ఫొటోలెన్నో లెక్కపెట్టండి. మీ పాత కెమెరాతోనూ, అదే లెన్స్‌తో, అదే పరీక్ష చేయండి. రెండింటి మధ్య తేడా స్వల్పంగా ఉంటే ఆ డబ్బు లెన్స్‌కు పోవాలి.

వాడిన డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దమున్న పాత తరహా కెమెరా) తీసుకునేవారికి నికాన్ డీ500, కానన్ 7డీ మార్క్ 2 ఇప్పటికీ ఆటలకు గట్టివి. రెండూ సెకనుకు 10 ఫొటోలు తీస్తాయి, రెండింటి షట్టర్‌ను 2 లక్షల క్లిక్కుల దాకా పరీక్షించారు. నికాన్‌లో క్లిక్కుల సంఖ్య ఫొటో ఫైలులోనే నమోదై ఉంటుంది, కానన్‌లో చాలా మోడళ్లకు విడిగా సాఫ్ట్‌వేర్ కావాలి. ఒక తెల్లటి గోడను ఎఫ్/16 వద్ద తీసి సెన్సర్ మీద మచ్చలు చూడండి, లెన్స్ మౌంటు దగ్గర దుమ్ము పేరుకుందేమో వేలితో తడిమి చూడండి, అసలు బిల్లు మీది సీరియల్ నంబరును బాడీ మీది నంబరుతో పోల్చుకున్న తర్వాతే డబ్బు చేతిలో పెట్టండి.