గుర్రం ఒంట్లో లోహాలు – 4వ పాఠం: కిడ్నీ ముక్క ఎక్కడ కోయాలి?

గత పాఠంలో కాలేయం నమూనా తీశాం. అక్కడ కాస్త అటూ ఇటూ కోసినా ఫలితం పెద్దగా మారదు. కిడ్నీలో ఆ వెసులుబాటు లేదు. ఒకే కిడ్నీలో కత్తి రెండు వేళ్ల దూరం జరిగితే కాడ్మియం అనే విష లోహం అంకె మారిపోతుంది. తప్పుగా కోసిన ముక్కను ఎంత పెద్ద ల్యాబూ సరిదిద్దలేదు. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం కత్తి గురించే.

మేతతో లోపలికి వచ్చిన కాడ్మియం ముందు కాలేయానికి చేరుతుంది. అక్కడ మెటలోథయొనీన్ అనే చిన్న ప్రోటీన్‌కు అతుక్కుని, మెల్లగా రక్తంలోకి వచ్చి కిడ్నీలో వడపోతకు గురవుతుంది. వడపోతలో జారిన దాన్ని మొదటి నాళికల కణాలు మళ్లీ లోపలికి లాక్కుంటాయి. ఆ నాళికల్లో ఎక్కువ భాగం కిడ్నీ వెలుపలి పొరలో, అంటే కార్టెక్స్‌లో ఉంటుంది. లోపలి పొర మెడుల్లాలో లోహం అంతకంటే తక్కువ. పైగా కాడ్మియం ఒకసారి కార్టెక్స్‌లో చేరితే ఏళ్ల తరబడి కదలదు. ముసలి గుర్రాల కార్టెక్స్‌లో, జబ్బు లక్షణమేదీ లేకపోయినా, తడి బరువు (ఆరబెట్టని ముక్క బరువు) మీద కిలోకు పదుల మిల్లీగ్రాములు కనిపించేది అందుకే.

కాబట్టి వయసు రాయని నమూనాకు విలువ లేదు. కర్నూలు, ఆదోని వైపు జట్కా గుర్రాలకు పుట్టిన తేదీ కాగితాలు దొరకడం అరుదు. పళ్లు చూసి రాయండి. పై దవడ చివరి కోత పంటి మీద నిలువు గాడి సుమారు 10 ఏళ్లకు చిగురు దగ్గర మొదలై, 15కు సగం దాకా, 20కి చివరి దాకా దిగుతుంది. ఇది ఉజ్జాయింపే, కానీ ఖాళీగా వదలడం కంటే ఎంతో మేలు.

పోస్ట్‌మార్టం చేయాల్సింది పశువైద్యుడే. పక్కన నిలబడి నమూనా తీసేవారి కోసం ఈ పాఠం. గుర్రం ఉన్నట్టుండి చచ్చిపోయి ముక్కు, మలద్వారం నుంచి గడ్డకట్టని రక్తం కారుతుంటే ఆంత్రాక్స్‌ను అనుమానించాలి. కళేబరాన్ని కోయనే కూడదు. ముక్కులో పుండ్లు, చర్మం మీద వరుసగా గడ్డలు ఉంటే గ్లాండర్స్ కావచ్చు. అది మనుషులకూ సోకి ప్రాణం తీస్తుంది. రెండు సందర్భాల్లోనూ కత్తి కింద పెట్టి పశుసంవర్థక శాఖకు వెంటనే కబురు చేయండి.

పనిముట్ల విషయంలో అశ్రద్ధ వద్దు. పౌడర్ ఉన్న గ్లౌజుల నుంచి జింకు ముక్కకు అంటుతుంది. పౌడర్ లేని నైట్రైల్ గ్లౌజులే వాడండి. స్టీలు కత్తి నుంచి క్రోమియం, నికెల్ వస్తాయి. చూస్తున్నది కాడ్మియం, సీసం మాత్రమే అయితే శుభ్రమైన స్టీలు కత్తి చాలు. మిగతావీ కావాలంటే సిరామిక్ కత్తితో పై పొరను పారేసి లోపలి భాగం తీసుకోవాలి.

ఎప్పుడూ ఎడమ కిడ్నీనే ఎంచుకోండి. అది చిక్కుడు గింజ ఆకారంలో ఉంటుంది, కుడిది గుండె ఆకారంలో. రెండిటినీ కలిపేయకపోతే ఒక గుర్రాన్ని ఇంకోదానితో పోల్చవచ్చు. చుట్టూ ఉన్న కొవ్వు తీసేసి, పైపొర ఒలిచి, ఉబ్బెత్తు వైపు నుంచి నిలువునా రెండుగా చీల్చండి. మధ్యలో జిగట ద్రవం, తెల్లటి సున్నపు పొడి కనిపిస్తాయి. గుర్రంలో ఇది సహజం, చీము అనుకోవద్దు. కార్టెక్స్‌కు, మెడుల్లాకు మధ్య ముదురు ఎరుపు గీత ఉంటుంది. ఆ గీతకు బయటే ఉండి, రెండు కొసల నుంచి, నడుమ నుంచి మూడు ముక్కలు కోసి, మొత్తం 30 గ్రాములు చేయండి. సూక్ష్మదర్శినికి కావాలంటే అర సెంటీమీటరు మందం ముక్కను వేరుగా, దానికి పదింతల 10 శాతం ఫార్మలిన్‌లో వేయండి. లోహాల ముక్క మాత్రం ఫార్మలిన్‌లో పడకూడదు. పడితే కొంత లోహం ద్రవంలోకి దిగిపోతుంది.

కడప ఎండల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. లోహం కుళ్లదు, ఆవిరి కాదు. ఆరిపోయేది ముక్కలోని నీళ్లు. 100 గ్రాముల ముక్క 10 గ్రాముల నీరు కోల్పోతే కిలోకు 20 మి.గ్రా. అన్న అంకె 22.2 అవుతుంది, గుర్రం ఒంట్లో ఏమీ మారకుండానే! అందుకే గాలి తీసిన రెండు పాలిథిన్ సంచుల్లో, ఐసు నింపిన థర్మోకోల్ పెట్టెలో పంపండి. పంపడం ఆలస్యమైతే మైనస్ 20 డిగ్రీల దగ్గర పెట్టండి. తేమ శాతం కూడా కొలవమని ల్యాబును అడగండి. 105 డిగ్రీల వేడిలో బరువు స్థిరపడేదాకా ఆరబెట్టి కొలుస్తారు.

ల్యాబులో 0.5 గ్రాముల ముక్కకు 5 మి.లీ. గాఢ నైట్రిక్ ఆమ్లం, 1 మి.లీ. 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి, మూసిన పాత్రలో మైక్రోవేవ్‌తో కరిగిస్తారు. ముక్క ఎక్కువైతే నురుగు పొంగి పాత్రలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ తర్వాత 25 మి.లీ.కి పలచన చేసి, లోహాన్ని కొలిచే యంత్రంలో పెడతారు. ముక్క లేని ఖాళీ పాత్రను కూడా అన్ని మెట్లూ దాటించాలి. దాని అంకెను తీసివేయకపోతే ఆమ్లంలోని మలినం కూడా గుర్రం లెక్కలో పడుతుంది.

లెక్క: ముక్క కరిగిన పాత్రకు యంత్రం లీటరుకు 310 మైక్రోగ్రాములు, ఖాళీ పాత్రకు 2 చూపింది. మిగిలింది 308. దాన్ని 0.025 లీటర్లతో గుణిస్తే 7.7 మైక్రోగ్రాములు. ముక్క బరువు 0.48 గ్రాములైతే, భాగిస్తే గ్రాముకు 16.0 మైక్రోగ్రాములు. అంటే తడి బరువు మీద కిలోకు 16 మి.గ్రా. తేమ 76 శాతమైతే నీరు పోగా మిగిలేది 24 శాతం, కాబట్టి 16ను 0.24తో భాగించాలి. పొడి బరువు మీద సుమారు 67.

ఐరోపా సమాఖ్య ఆహార నిబంధనల్లో గుర్రం కిడ్నీకి కాడ్మియం హద్దు కిలోకు 1.0 మి.గ్రా. తినే మనిషి కోసం పెట్టిన హద్దు ఇది. 16 వచ్చిందని ఆ గుర్రం విషంతో చచ్చిందని రాయడం పెద్ద తప్పు. ఆ కిడ్నీ, కాలేయం కుక్కలకు వేయకుండా పూడ్చిపెట్టడం మాత్రం తప్పనిసరి.

మంగంపేట బెరైటీస్ దుమ్ము గురించి పాఠకులు అడుగుతుంటారు. అది బేరియం సల్ఫేట్, నీటిలో దాదాపు కరగదు, పేగులు పీల్చుకునేది చాలా తక్కువ. అనంతపురం బోరు నీళ్లలో ఫ్లోరైడ్ వేరే సంగతి. అది కిడ్నీలో కాక ఎముకలో, పళ్లలో దాక్కుంటుంది. సీసంలోనూ ఎక్కువ భాగం ఎముకలోనే. ఆ రెండూ వచ్చే పాఠంలో.

అభ్యాసం: ఒకే కిడ్నీ నుంచి వచ్చిన మూడు సంచులు. మొదటిది తడి బరువు మీద 20 మి.గ్రా., తేమ 78 శాతం. రెండోది 25 మి.గ్రా., తేమ 72.5 శాతం. మూడోది 14 మి.గ్రా., తేమ 80 శాతం. మూడింటినీ పొడి బరువులోకి మార్చండి. ఏది దారిలో ఎండింది, దేనిలో మెడుల్లా కలిసింది?