చాఫ్ కట్టర్ మీట నొక్కకముందు: వానలొచ్చేలోగా పురుగుల షెడ్డులో చూసుకోవాల్సినవి

మృగశిర కార్తె దగ్గర పడింది. రోహిణి ఎండల్లో తడి చెత్త దారిలోనే సగం ఎండి, పొడిపొడిగా షెడ్డుకు వచ్చేది. తొలకరి పడిందంటే అదే చెత్త నీళ్లు కారుతూ, ముద్ద కట్టి, లోపల ఏముందో కనబడకుండా దిగుతుంది. తడి చెత్త తిని ఎరువుగా మార్చే బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లల్ని, అంటే ఈ పురుగుల్ని, పెంచేవాళ్లకు గడ్డుకాలం ఇదే. వాసన గురించీ ముసిరే ఈగల గురించీ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ప్లాస్టిక్ గురించి చెబుతాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే.

పోయినేడు శ్రావణ మాసం పెళ్లిళ్లప్పుడు ఒక ఫంక్షన్ హాలు నుంచి ట్రాలీ ఆటో నిండా మిగిలిన అన్నం, కూరలు, విస్తళ్లు తెచ్చాం. జోరున వాన. కవర్లు ఏరే ఓపిక లేక మొత్తం పశువుల గడ్డి కోసే చాఫ్ కట్టర్‌లో వేసేశాం. పురుగులు లొట్టలేసుకుంటూ తిన్నాయి. ఎరువు నల్లగా, చూడముచ్చటగా వచ్చింది. నెల తిరక్కుండానే ఆ ఎరువు కొన్న పక్క చేను కుర్రాడు దోసిట్లో మట్టి పట్టుకొచ్చాడు. "బాబాయ్, ఈ తెల్ల దారాలేంటి? టమాటా నారుమడి నిండా ఇవే." చూస్తే భోజనాల బల్లల మీద పరిచే ప్లాస్టిక్ రోలు. కత్తులు దాన్ని సేమియాలా తరిగేశాయి. డబ్బులు తిరిగిచ్చేశాను గానీ ఆ ముక్కలు ఇంకా ఆ మడిలోనే ఉన్నాయి.

ఇక్కడో అపోహ తీర్చుకుని ముందుకు పోదాం. "పురుగులు ప్లాస్టిక్ కూడా తినేస్తాయటగా" అని షెడ్డుకు వచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. ఆ మాట పూర్తిగా గాలివార్తేం కాదు. 2015లో చైనా, అమెరికా శాస్త్రవేత్తలు మీల్‌వార్మ్‌లు థర్మకోల్ తింటాయని చూపించారు. 2022లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం సూపర్‌వార్మ్‌ల గురించి, 2024లో నైరోబీలోని ఇసిపే అనే కీటక పరిశోధన సంస్థ ఇంకో రకం మీల్‌వార్మ్ గురించి అదే తరహా ఫలితాలు చెప్పాయి. కానీ అవన్నీ పెంకు పురుగుల పిల్లలు. మనం పెంచేది ఈగ పిల్ల, దాని జాతి వేరు. పైగా ఆ 2015 లెక్క ప్రకారం 100 మీల్‌వార్మ్‌లు రోజుకు తిన్న థర్మకోల్ 34 నుంచి 39 మిల్లీగ్రాములు. కిలో థర్మకోల్ ఆ వందకే అప్పజెబితే తినడానికి డెబ్బై ఏళ్లు దాటుతుంది.

మన పురుగు నోటి వెడల్పు బాగా ఎదిగాక కూడా మిల్లీమీటరులో చిన్న భాగమే. అందులో పట్టని ముక్క జోలికి అది పోదు, చుట్టూ ఉన్న తిండి తిని ముక్కను వదిలేస్తుంది. పట్టేంత చిన్నదైతే మింగుతుంది, పేగులోంచి అది ఎరువులోకే వచ్చిపడుతుంది. ఎటు చూసినా ప్లాస్టిక్ ఎక్కడికీ పోదు. పోయేది చెత్త బరువు. 100 కిలోల తడి చెత్తలో 200 గ్రాముల ప్లాస్టిక్ ఉందనుకోండి. పురుగులు తిన్నాక 30 కిలోల ఎరువు మిగిలితే ఆ 200 గ్రాములూ ఆ ముప్పైలోనే ఉంటాయి. అంటే కిలోకు 2 గ్రాములున్నది దాదాపు 7 గ్రాములైంది. మనం చెత్త తగ్గించామని మురిసిపోతుంటే ప్లాస్టిక్ చిక్కబడుతోంది.

పురుగులు బాగా ఎదిగాయి కదా, చెత్త మంచిదే అయ్యుంటుందని కూడా అనుకోవద్దు. ప్లాస్టిక్ పొడి కలిపిన మేత పెట్టిన ప్రయోగాల్లో చాలాచోట్ల పురుగుల ఎదుగుదల పెద్దగా తగ్గలేదు. లావుగా కనిపించే పురుగు ఏమీ రుజువు చెయ్యదు.

కాబట్టి అసలు పని కత్తుల ముందే. 5 మిల్లీమీటర్లకన్నా చిన్నదాన్ని మైక్రోప్లాస్టిక్ అంటారు. కవరు కవరుగా ఉన్నంతసేపు దాన్ని చేత్తో తియ్యొచ్చు. చాఫ్ కట్టర్‌లో ఒక్కసారి తిరిగిందా, ఆ కవరు వేల ముక్కలవుతుంది, ఇక ఏ జల్లెడా దాన్ని వెనక్కి తేలేదు. మైక్రోప్లాస్టిక్ సముద్రం నుంచి వచ్చిపడుతుందనుకుంటాం, నా షెడ్డులో దాన్ని తయారుచేసింది నేనే.

ఏమేం వస్తాయో తెలిస్తే కళ్లు వాటినే వెతుకుతాయి. ఇళ్ల చెత్తలో మొదటి దొంగ పాల ప్యాకెట్ మూల. కత్తెరతో మూల పూర్తిగా కోసేస్తాం, ఆ చిన్న త్రికోణం కూరగాయల తొక్కల్లో పడిపోతుంది. చెత్త ఇచ్చే ఇళ్లవాళ్లకు మూల పూర్తిగా తెంపకుండా కోయమని చెప్పండి. ఆడవాళ్లు "ఓస్, ఇంతేనా" అని ఆ రోజు నుంచే మార్చారు, మా వీధిలో. తర్వాత షాంపూ, పచ్చళ్ల సాషేల చింపులు, మాత్రల రేకులు, యాపిల్, కివీల మీద అంటించే స్టిక్కర్లు. ఆ స్టిక్కరు కాగితంలా కనిపిస్తుంది గానీ చాలావరకు ప్లాస్టిక్ పొరే. కొన్ని టీ బ్యాగులూ అంతే.

రైతు బజారు చెత్తలో పళ్లకు తొడిగే తెల్ల నురగ వలలు వస్తాయి. నలిపితే థర్మకోల్‌లా రాలతాయి, కాబట్టి వీటిని విసురుగా లాగొద్దు. ఆకుకూరల కట్టలకు చుట్టిన ప్లాస్టిక్ పట్టీలు తడి గోంగూరకు అతుక్కుపోయి ఆకులాగే ఉంటాయి. పూల కొట్ల చెత్తలో దండల దారం నూలా నైలానా అన్నది వేళ్లతో లాగి చూస్తే తెలుస్తుంది, నైలాన్ తెగదు, చెయ్యి కోస్తుంది. ప్లాస్టిక్ పూలు బంతిపూలలో కలిసిపోయి వస్తాయి.

హోటళ్లది వేరే కథ. పేపర్ కప్పు పేరుకే పేపరు, లోపల పాలిథీన్ పూత. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2020లో లెక్కగట్టింది గుర్తుందా, అలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు పోసి పావుగంట ఉంచితే సుమారు 25 వేల సూక్ష్మ కణాలు వచ్చాయి. అలాంటి కప్పును కత్తుల్లో వేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా. మెరిసే పేపర్ ప్లేట్లకూ ఇదే సూత్రం. విస్తరాకు, అరిటాకు వస్తే పండగే. సాంబారు, చట్నీ కట్టిచ్చే పల్చటి కవర్లు అన్నిటికన్నా ప్రమాదం. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్ని రకాలు నిషేధం, ఆ ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల లోపు చేతి సంచులూ కూడదు. కాగితం మీద అంతే, నా షెడ్డుకు మాత్రం అవి రోజూ వస్తూనే ఉన్నాయి.

"ఇవి మట్టిలో కలిసిపోయే కవర్లండీ" అని ఆకుపచ్చ ముద్ర ఉన్నవి చూపిస్తారు. వాటిలో పీఎల్ఏ (పిండి పదార్థాల నుంచి చేసే ప్లాస్టిక్) రకానివి కరగాలంటే పెద్ద కంపోస్టు ప్లాంట్లలో ఉండే 60 డిగ్రీల దగ్గరి వేడి కావాలి. పురుగులు మేసే మన ట్రేలో పన్నెండు రోజులున్నా అవి చెక్కుచెదరవు. ఆకుపచ్చ ముద్ర ఉన్నా తీసి పక్కన పెట్టండి.

ఇక వానలో ఏరడం ఎలా? కుప్ప పోయొద్దు. కోళ్ల మెష్ బిగించిన బల్ల ఒకటి కొంచెం వాలుగా పెట్టి, దాని మీద పలచగా పరిచి, నీరు ఓడాక ఏరండి. ఓడిన నీళ్లు బాటలోకి, చెరువులోకి పోనీకుండా కింద తొట్టి పెట్టుకోవాలి, అందులోనూ సన్న ముక్కలుంటాయి. సాయంత్రం వెలుతురు పోయాక ఏరితే కవరూ క్యాబేజీ ఆకూ ఒకటే. రాత్రి లోడును నేను తెల్లవారే దాకా ముట్టుకోను, వాసనొస్తే పైన ఊక చల్లి ఊరుకుంటాను.

ఏరడం కుదరని లోడు వచ్చిందా? అప్పుడు కోయకుండా అలాగే పురుగులకు వెయ్యండి. అసలు అన్నం, అరటి, బొప్పాయి, కుళ్లిన టమాటాలకు కత్తులెందుకు? గట్టి కాడలు, క్యాబేజీ మొదళ్లు మాత్రం కత్తిపీట మీద ఒకటి రెండు సెంటీమీటర్ల ముక్కలు చేస్తే చాలు. కోయని చెత్తను తినడానికి రెండు మూడు రోజులు ఎక్కువ పడుతుంది, కానీ పురుగులు కవరును నాకి శుభ్రం చేసి వదులుతాయి, అది కవరుగానే బయటికొస్తుంది. చేత్తో లాగితే చాలు. ఎండకు పెళుసుబారిన పాత కవర్లు మాత్రం ముట్టుకుంటేనే రాలతాయి, వాటిని ట్రేలో వెయ్యనే కూడదు.

మన షెడ్డు కూడా తక్కువేం తినలేదు. యూరియా బస్తాలు, సిమెంటు సంచులు ఎండావానా తగిలి ఆర్నెల్లకు దారాలు దారాలుగా ఊడతాయి. ఎరువు వాటిలో నింపి మూల పెట్టడం మనందరి అలవాటు. గోనెసంచి వాడండి. పైన కట్టిన నీలం పట్టా, ఆకుపచ్చ షేడ్ నెట్ అంచులు చిరుగుతున్నాయేమో వానలకు ముందే చూసి మార్చాలి, గాలివానకు ఆ పోగులన్నీ ట్రేల్లోనే పడతాయి.

తడి సంగతి కొస్తే, 40 సెంటీమీటర్ల వెడల్పు, 60 పొడవు ఉన్న క్రేటుకు పదివేల చిన్న పురుగులు, పన్నెండు రోజుల్లో 15 కిలోల చెత్త అన్నది మామూలు లెక్క. వానాకాలం చెత్త బరువులో నీళ్లే ఎక్కువ, తూకం చూసి మోసపోవద్దు. పిడికిట్లో పిండితే వేళ్ల సందున రెండు మూడు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. ఎక్కువైతే తవుడో కొబ్బరి పొట్టో కలపండి. దీనికీ ప్లాస్టిక్‌కూ సంబంధం ఉంది, ముద్దగా ఉన్న ఎరువు జల్లెడలోంచి దిగదు, ముక్కలు ఆ ముద్దల్లోనే దాక్కుంటాయి. చివరి రెండు మూడు రోజులు కొత్త చెత్త ఆపి పొడి తవుడు చల్లితే ఎరువు పొడిపొడిగా విడుతుంది.

జల్లెడ మీద మరీ నమ్మకం పెట్టుకోవద్దు. పట్టణాల చెత్తతో చేసే సిటీ కంపోస్టుకు మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో 90 శాతం సరుకు 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలని ఉంది. మైక్రోప్లాస్టిక్ కూడా హాయిగా దిగే కన్నం అది.

అందుకే ప్రతి విడతలోనూ గుప్పెడు ఎరువు పరీక్షించండి. గాజు సీసాలో ఉప్పు ఇక కరగదన్నంత ఉప్పునీళ్లు చేసి, పలచటి గుడ్డలో వడగట్టి, ఎరువు వేసి బాగా కదిపి గంట వదిలెయ్యండి. కవర్లు, సంచుల పోగులు, థర్మకోల్ తేలతాయి. ఊక, పొట్టు కూడా తేలతాయి కాబట్టి పైది తీసి తెల్ల పళ్లెంలో ఆరబెట్టి, అనుమానం ఉన్నదానికి ఎర్రగా కాల్చిన సూది తగిలించండి. ప్లాస్టిక్ ముడుచుకుని కరుగుతుంది, గడ్డి మాడి నల్లబడుతుంది. నీళ్ల సీసాల ప్లాస్టిక్, పీవీసీ పైపు పొడి ఉప్పునీళ్లలోనూ మునుగుతాయి, అడుగున కూడా ఓ చూపు వెయ్యండి. గుప్పెడులో రెండు మూడు కంటికి కనబడ్డాయంటే ఆ విడత ఎరువు కూరగాయల మళ్లకు పోకూడదు.

నాటుకోళ్లకు, కొరమీను చెరువుకు పురుగులు వేసేవాళ్లు ఒక్క పని చెయ్యండి. జల్లెడ పట్టిన పురుగు కడుపు నిండా చెత్తే ఉంటుంది. శుభ్రమైన తవుడు మీద ఒకటి రెండు రోజులు ఉంచితే లోపలిది చాలామటుకు బయటికి పోతుంది. తర్వాత కడిగి, మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ముంచి ఆరబెట్టాలి. నల్లబడి తమంతట తామే గోడెక్కి పాకివచ్చే పురుగులు అప్పటికే తినడం మాని కడుపు ఖాళీ చేసుకుని ఉంటాయి, ఆ రకంగా అవి మేలు, కాకపోతే వాటి తోలు గట్టి.

బ్యాటరీలు, తెగిన వైర్లు, సర్క్యూట్ ముక్కలు ఒక్కటి కనబడినా ఆ లోడు మొత్తం వెనక్కి పంపండి. వాటిలో ఉండే కాడ్మియం అనే విష లోహం ఈ పురుగుల ఒంట్లో పేరుకుంటుంది, తవుడు మీద పెట్టినా పోదు. డైపర్లు, ప్యాడ్లు ఉన్న లోడూ అంతే. కోళ్లఫారం పెంట తెచ్చేవాళ్లు ఈగలు పుట్టకుండా మేతలో సైరోమజిన్ అనే మందు కలిపారేమో ముందే అడగాలి, వానాకాలంలో కలుపుతారు, అది మన పురుగునూ చంపుతుంది. దోమల పొగ కొట్టే బండి వీధిలోకి వస్తే రెక్కలొచ్చిన మన ఈగలున్న పంజరాన్ని తడి గోనె కప్పి మూసెయ్యండి. చేతికి తొడుగులు, కాలికి గమ్‌బూట్లు తప్పనిసరి, ఎలుక జ్వరం వచ్చేది ఈ నెలల్లోనే.

ఏరిన ప్లాస్టిక్ పొయ్యిలో పెట్టొద్దు. కడిగి ఆరబెడితే పాల ప్యాకెట్లు, సీసాలు పాతసామాన్లవాడు కొంటాడు, మిగిలింది పొడి చెత్త బండికి వేస్తాను. బండికెయ్యకముందు మాత్రం తూచి, ఏ చోటి లోడులో ఎంత వచ్చిందో గోడ మీద వేలాడదీసిన పుస్తకంలో రాస్తాను. ఆ పుస్తకం చూసే రెండు టిఫిన్ సెంటర్లకు వేరే డబ్బా ఇచ్చాం, ఇప్పుడు వాళ్ల చెత్తలో కప్పులు రావడం లేదు. ఫంక్షన్ హాలు లోడు ఈ శ్రావణానికి తీసుకోనని చెప్పాను. మేనేజరు రెండుసార్లు ఫోన్ చేశాడు, బల్లల మీద ఆ రోలు మానేస్తే అప్పుడు చూద్దామన్నాను.