పాత ఊరిని చదవడం – పాఠం 3: లడ్లోలో సంత ఎక్కడ దాక్కుంది?

పోయిన పాఠంలో మ్యాపు మీద నది, వంతెన, కోట, చర్చి గుర్తుపట్టడం నేర్చుకున్నాం. అవి ఎవరికైనా కనిపించేవే. ఈసారి కనిపించని దాన్ని పట్టుకుందాం: పాత సంత వీధిని. ఇందుకు ఇంగ్లండ్‌లో వేల్స్ సరిహద్దు దగ్గరున్న లడ్లో కంటే మంచి ఊరు నాకు తెలియదు. ఫోన్‌లో శాటిలైట్ మ్యాపు తెరిచి పక్కన పెట్టుకోండి. బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ వైపు ఉన్నవాళ్లయితే ఏకంగా రైలెక్కేయొచ్చు.

ముందు కథ క్లుప్తంగా. 11వ శతాబ్దం చివర్లో డి లేసీ అనే నార్మన్ (ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచినవాళ్ల) ప్రభువుల కుటుంబం టీమ్ నది ఒడ్డున గుట్ట మీద కోట కట్టింది. తర్వాతి శతాబ్దంలో కోట గుమ్మం ఎదురుగా ఊరు వెలిసింది. ఇల్లు పక్కన ఇల్లు తనంతట తాను పుట్టుకొచ్చిన ఊరు కాదిది. వీధులు గీసి, స్థలాలు కొలిచి వేసిన లేఅవుట్. ప్రభువుకు అందులో లాభం ఉంది. స్థలాలకు అద్దె, సరుకుకు సుంకం, తగువులకు జరిమానా, అన్నీ ఆయన ఖజానాకే. అందుకే సంతకు హద్దులు కూడా ఉండేవి. ఒక సంతకు 6 మైళ్ల పైచిలుకు దూరం లోపల ఇంకో సంత పెడితే పాతదానికి నష్టమని 13వ శతాబ్దపు న్యాయవేత్తలు లెక్కగట్టారు. మనిషి రోజుకు 20 మైళ్లు నడుస్తాడు. అందులో మూడో వంతు రావడానికి, మూడో వంతు బేరసారాలకు, మూడో వంతు చీకటి పడేలోపు ఇల్లు చేరడానికి.

ఇప్పుడు మ్యాపు చూడండి. కోట గుమ్మం బయట క్యాజిల్ స్క్వేర్ విశాలంగా ఉంటుంది. అక్కడి నుంచి తూర్పుకు, ఊళ్లోనే బుల్ రింగ్ అనే చోటి వైపు, వేలు జరపండి. కొంచెం దూరంలోనే ఆ విశాలమైన చోటు ముక్కలైపోతుంది: చర్చ్ స్ట్రీట్, హై స్ట్రీట్, హార్ప్ లేన్, మార్కెట్ స్ట్రీట్. అన్నీ పక్కపక్కనే, దాదాపు ఒకే దిక్కుగా పోయే సన్నని దారులు. లేఅవుట్ వేసినవాడు ఇంత దగ్గర దగ్గరగా నాలుగు సందులు ఎందుకు గీస్తాడు?

గీయలేదు. ఆ సందుల మధ్య ఉన్న ఇళ్ల వరసలను వేలితో కప్పేసి చూడండి. కోట నుంచి బుల్ రింగ్ దాకా ఒకే ఒక్క వెడల్పాటి వీధి మిగులుతుంది. అదీ అసలు సంత. మన దగ్గర బస్టాండు ముందు తోపుడు బండి కొన్నాళ్లకు రేకుల షెడ్డయి, తర్వాత స్లాబు వేసుకుని పైన మేడ లేపినట్టే ఇక్కడా జరిగింది. సంత రోజున వేసి సాయంత్రానికి తీసేయాల్సిన బల్లలు తీయడం మానేశారు. బల్లలు కొట్లయ్యాయి, కొట్లు ఇళ్లయ్యాయి. అద్దె వస్తుంటే ఎవరు కాదంటారు?

ఇది ఊహే కదా అని మీకు అనుమానం రావాలి. సరిచూసుకునే పద్ధతి ఒకటుంది, ఈ పాఠంలో గట్టిగా పట్టుకోవాల్సింది దాన్నే: పెరడు చూడండి. దక్షిణంగా దిగే బ్రాడ్ స్ట్రీట్‌లో ఇళ్లకు వీధి ముఖం సన్నం, వెనక పెరడు మాత్రం పొడుగు. మొదట కొలిచి ఇచ్చిన స్థలాలు ఇలాగే ఉంటాయి. అందరికీ వీధి మీద ముఖం కావాలి కాబట్టి ముఖం తగ్గించి లోపలికి సాగదీసేవాళ్లు. బ్రాడ్ స్ట్రీట్‌కూ, దాని పక్క వీధి మిల్ స్ట్రీట్‌కూ చెందిన పెరళ్ల మధ్యగా పోయే వెనక సందు, రేవెన్ లేన్, కూడా కనిపిస్తుంది. అదే హార్ప్ లేన్ పక్క కట్టడాలకు పెరడు ఉండదు. ముందూ వీధే, వెనకా వీధే. పెరడు లేని ఇంటి వరస సంత మధ్యలో నిలబడిందంటే, అది తర్వాత దూరిందని దాదాపు ఖాయం.

ఇంకో సాక్ష్యం సెయింట్ లారెన్స్ చర్చి. దాని గోపురం 135 అడుగులు. మైళ్ల దూరం నుంచి కనిపించేది, హై స్ట్రీట్‌లో నిలబడితే సరిగ్గా కనిపించదు. అడ్డంగా ఇళ్లు. 1740లలో కట్టిన బటర్ క్రాస్ అనే సంత భవనం పక్క సందులోంచి వెళ్లాలి. లోపలికి వెళ్తే పాటగాళ్ల మడత కుర్చీల అడుగున చెక్కిన బొమ్మలు వంగి చూడండి. ఒకదానిలో కొలతలో మోసం చేసిన, బీరు అమ్మే ఆమెను దెయ్యం భుజాన తలకిందులుగా వేసుకుని నరకం నోట్లోకి మోసుకుపోతుంటుంది. ఆమె చేతిలో బీరు పాత్ర అలాగే ఉంది. ఇంకో దెయ్యం పాపాల చిట్టా చదువుతుంటుంది. సంత ఊళ్లో జనానికి దేనిమీద మంటో ఇంతకన్నా బాగా ఏ రికార్డూ చెప్పదు.

ముఖద్వారాలను మాత్రం నమ్మకండి. బ్రాడ్ స్ట్రీట్ ఇటుక ముఖాలు 18వ శతాబ్దానివిగా కనిపిస్తాయి. చాలాచోట్ల అది పాత కలప ఇంటికి తొడిగిన కొత్త చొక్కా. పక్క సందులోకి వెళ్లి పైకప్పు వాలు చూడండి. కోటలాంటి బ్రాడ్ గేట్ మీద కూడా ఒక ఇల్లు కూర్చుంది, కింద నుంచి కార్లు పోతుంటాయి. ఊరి ఏడు ద్వారాల్లో నిలిచింది అదొక్కటే. 1233లో ఊరి చుట్టూ గోడ కట్టడానికి రాజు ఇచ్చిన అనుమతి అంటే ఊళ్లోకి వచ్చే సరుకు మీద పన్ను వేసుకోమనే. గోడ ఖర్చూ సంతే పెట్టుకుంది.

అన్నట్టు, ఆక్రమణ ఎప్పుడూ ఒకవైపే సాగదు. క్యాజిల్ స్క్వేర్‌లో 1880లలో ఇటుకల టౌన్ హాల్ కట్టారు, 1986లో పడగొట్టారు. ఇప్పుడు ఆ చోట మళ్లీ బల్లల సంతే.

అభ్యాసం: దక్షిణ ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీ ఊరి మ్యాపు తెరవండి. మార్కెట్ ప్లేస్‌కు దక్షిణంగా ఫిష్ రో, బుచర్ రో అనే వీధులున్నాయి. వాటి మధ్య ఇళ్లకు పెరళ్లున్నాయా? ఒకప్పటి సంత ఎక్కడిదాకా ఉండేదో పెన్సిల్‌తో గీయండి. వచ్చే పాఠంలో కలప ఇంటి వయసు కట్టడం చూద్దాం. ఉదాహరణ లడ్లోలోనే, 1619 నాటి ఫెదర్స్ హోటల్.