తుఫాన్లకు ముందు చెరువు గట్టు మీద ఒక నడక

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు చెరువు గట్టుకు అసలు పరీక్ష తొలకరిలో రాదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న, గులాబ్ 2021 సెప్టెంబరు 26న తీరం దాటాయి. ఆ రోజులకి చెరువు నిండుగా, వరి పొట్ట మీద ఉంటుంది. ఇంకో జానెడు నీళ్లు ఆపుకుంటే పంట గట్టెక్కుతుందని ఆయకట్టు రైతుకి ఆశ పుట్టేదీ అప్పుడే. అందుకే ఈ మాటలు ఆగస్టులోనే చెప్పుకుంటే మంచిది.

ఎకరం మేర మీటరు లోతు నీళ్లంటే సుమారు 40 లక్షల లీటర్లు, అంటే నాలుగు వేల టన్నులు. ఇరవై ఎకరాల చెరువుకి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. దాన్ని ఆపుతున్నది తాతల కాలంలో తట్టలతో మోసి తొక్కించిన మట్టి. 2021లో వచ్చిన డ్యామ్ సేఫ్టీ చట్టం 15 మీటర్లు దాటిన ఆనకట్టలకి, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది. మన గట్టు రెండు నిలువులు, మహా అయితే మూడు. ఆ చట్టం కంటికి అది ఆనదు.

గట్టు ఎక్కగానే అందరూ పగుళ్ల కోసం వెతుకుతారు. నన్నడిగితే ముందు, ఎక్కువైన నీరు బయటికి పోయే అలుగు దగ్గరికి వెళ్లమంటాను. మట్టిగట్టు కాస్త ఊటను తట్టుకుంటుంది గానీ, తల మీంచి నీళ్లు పొర్లితే తట్టుకోదు. పొర్లిన నీరు వెనక వాలును కోసుకుంటూ వస్తుంది, గండి పడటానికి కొన్ని గంటలు చాలు. మరి అలుగు ఉండగా నీళ్లు గట్టు మీదికి ఎందుకొస్తాయి? మనం అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చబట్టి. చేపలు పోకుండా, వాటిని వేలంలో పాడుకున్న పాటదారు వల కట్టబట్టి. ఆ వలకి గుర్రపుడెక్క, తాటాకులు, ప్లాస్టిక్ కవర్లు అడ్డం పడితే అది వల కాదు, గోడే. తుఫాను హెచ్చరిక రాగానే వల విప్పాలని చేపల పాటలోనే షరతు పెట్టుకోండి. ఆ రోజు గొడవ పడటం కంటే అది తేలిక. అలుగు కింద గెడ్డ (వాగు) దాకా కాలువ ఉందో, ఎవరి మడిలోనైనా కలిసిపోయిందో కూడా చూడండి.

అలుగు బాగా పారుతున్నప్పుడు కూడా గట్టు తల నీటికి మీటరు ఎత్తున ఉండాలి. చూపు ఆనించి చెప్పేస్తాం అనుకోవద్దు. తాపీమేస్త్రి దగ్గరుండే లెవెల్ పైపు ఒక పూట అడిగి తెచ్చుకుని గట్టు పొడుగునా పట్టండి. గొడ్లు దిగే చోట, ట్రాక్టర్లు దాటే చోట గట్టు అరిగి జానెడో మూరెడో కుంగి ఉంటుంది. నీళ్లు మొదట ఎక్కేది అక్కడే.

ఇక వెనక వాలు. అక్కడ తడి కనిపించిన ప్రతిచోటా కంగారు పడక్కర్లేదు. కారే నీటిని ఒక ఖాళీ వాటర్ బాటిల్లో పట్టి పది నిమిషాలు కదపకుండా పెట్టండి. తేటగా ఉంటే గుర్తు పెట్టి, రోజూ ఎంత కారుతుందో చూసుకుంటే చాలు. అడుగున మట్టి పేరుకుందంటే గట్టు లోపల సొరంగం తవ్వుకుంటోందని అర్థం. ఇది ఎక్కువగా మదుము (తూము) పక్కన, రాతికట్టుకీ మట్టికీ అతుకు విడిచిన చోట మొదలవుతుంది. పీతల బొరియలు, ఎలుక కన్నాలు దానికి తోడు.

గట్టు మీద పుట్ట గురించి చెప్తే మా ఊళ్లో కోప్పడతారు. నాగులచవితికి పాలు పోసే పుట్టను తవ్వమని నేనూ అనను. కానీ చెదపురుగులు పుట్ట కింద గదులు గదులుగా ఖాళీ చేస్తాయి, చవితి వచ్చేది సరిగ్గా తుఫాన్ల రోజుల్లోనే. అందరూ మొక్కే పాత పుట్టను ఉంచి దాని చుట్టూ కాపలా పెంచుకోండి. కొత్తగా లేచే వాటిని చిన్నప్పుడే తీసి మట్టితో గట్టిగా దిమ్మిస చేయండి. చెట్లదీ ఇదే కథ. తిత్లీకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. అలాంటి చెట్టు గట్టు మీద ఉంటే పడేటప్పుడు బండెడు మట్టిని కూడా లాక్కుపోతుంది. కొట్టేసిన చెట్టు మొద్దు కూడా ప్రమాదమే, వేళ్లు కుళ్లాక మిగిలేది గొట్టమే.

మరమ్మతులు వానలు ముదరక ముందే కానివ్వండి. పొక్లెయిన్‌తో ఎండుగడ్డలు గుమ్మరించి పైపైన చదును చేస్తే మొదటి జల్లుకే జారిపోతాయి. పాత వాలును మెట్లుగా కోసి, జానెడు మందం పొరలుగా, తడిపి తొక్కించాలి. మట్టిని పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, అరచెయ్యి తడవకూడదు. ఆ మట్టిని గట్టు పాదం దగ్గర మాత్రం తవ్వొద్దు. ఇటుక బట్టీలకి తోలే ట్రాక్టర్లనీ అక్కడికి రానివ్వొద్దు.

హెచ్చరిక వచ్చాక చేయగలిగింది తక్కువే. రెండు మూడు రోజుల టైం ఉంటే మదుము ద్వారా నెమ్మదిగా నీళ్లు తగ్గించండి. తలుపులన్నీ ఒక్కసారిగా ఎత్తేస్తే లోపలి వాలు తడి బరువుతో జారుతుంది. ఇసుక నింపిన బస్తాలు, టార్పాలిన్, తాడు, టార్చిలైట్లు గుడి దగ్గరో బడి దగ్గరో సిద్ధంగా ఉంచండి. రాత్రి గట్టు మీదికి ఒక్కరే వెళ్లొద్దు.

బురదనీరు ఉబుకుతుంటే ఆ కన్నంలో మట్టి కుక్కొద్దు. చాలామంది చేసే పొరపాటు ఇదే. నీరు పక్కన ఇంకో దారి చేసుకుంటుంది. చుట్టూ బస్తాలతో బావి గోడలా కట్టి, లోపల నీటిని కొంత నిలవనివ్వండి. ఆ ఎత్తే ఉబుకును అణుస్తుంది. తేట నీరు వస్తే దాన్ని పోనివ్వొచ్చు. మట్టి ఇంకా వస్తూనే ఉన్నా, గట్టు తల కుంగుతున్నా బస్తాలు వదిలేసి పక్కకొచ్చేయండి. 112కి గానీ 1070కి గానీ ఫోన్ చేయండి.

మన చెరువులు చాలాచోట్ల గొలుసుకట్టు. పైది తెగితే కిందిది నిలవదు. కాబట్టి కింది ఊళ్లో రాత్రి రెండింటికైనా ఫోన్ ఎత్తే ఇద్దరి నంబర్లు మీ ఊరి రచ్చబండ గోడ మీద రంగుతో రాయించండి. పై ఊరి వాళ్ల గోడ మీద మీ నంబరు ఉందో లేదో కూడా ఒకసారి వెళ్లి చూసి రండి.