షుగర్ వాళ్ల గ్రూపు ఎలా నడపాలి? ‘నేను మందు మానేశా’ అన్నప్పుడు ఏం చేయాలి?

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. పది కుర్చీలు, మంచినీళ్లు, ఒక నోటుబుక్కు, గ్లూకోమీటరు, ఒక డబ్బాలో పంచదార. మీటరుకి వాడే సూది మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఎవరికైనా చెమటలు పట్టి రీడింగు 70 కంటే దిగితే, స్పృహలో ఉన్నంతవరకూ, మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకి మళ్లీ చూడండి. బ్యానరు, మైకు వద్దు. శాలువాలు అసలే వద్దు.

ఫ్యాను ఉన్న చోటు చూసుకోండి, విశాఖ ఉక్కపోత తెలిసిందేగా. మేం ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో కూర్చుంటాం. బీచ్‌లో పెడదామని ఎవరో ఒకరు అంటారు, ఒప్పుకోకండి. సగం మంది సముద్రం వైపు, మిగతా సగం మురీ మిక్చర్ బండి వైపు చూస్తారు. ఆదివారం తొమ్మిదింటికి, అందరూ టిఫిన్ తినేసి రావాలి. స్టీల్‌ప్లాంటులో షిఫ్టులు చేసేవాళ్లుంటే నైట్ డ్యూటీ వారం వాళ్లని వదిలేయండి. పన్నెండు మంది దాటితే అది సభ అయిపోతుంది, రెండో గ్రూపు పెట్టుకోండి. వాట్సాప్ గ్రూపు చాలదా అంటారు. చాలదు. అక్కడ గుడ్ మార్నింగులూ కాకరకాయ వీడియోలే తప్ప, కాలి పుండు సంగతి ఎవరూ చెప్పరు.

నడపడానికి ఇద్దరుండాలి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో కేట్ లోరిగ్ బృందం దీర్ఘవ్యాధుల వాళ్ల కోసం తయారుచేసిన ఆరు వారాల శిక్షణని కూడా ఇద్దరే నడుపుతారు. వాళ్లు డాక్టర్లే కానక్కర్లేదు, జబ్బుతో బతుకుతున్న మామూలు మనుషులైనా చాలు. మా దగ్గర ఒకరు మాట్లాడిస్తుంటే రెండోవాళ్లు మొహాలు చూస్తుంటారు. “మీ షుగర్ ఎంత?” అని మొదలుపెట్టారా, మార్కుల పోటీ అయిపోతుంది. “ఈ వారం ఏది కుదరలేదు?” అని అడగండి. చోడి (రాగి) అంబలి ఎంత తాగినా ఫర్వాలేదనుకున్న మామ్మగారు అప్పుడే బయటపడతారు. చోళ్లలోనూ పిండిపదార్థమే ఉంటుందని ఆవిడకి పక్కింటావిడ చెబితేనే ఎక్కుతుంది, డాక్టరు చెబితే కాదు.

ఇంతవరకూ ఎవరైనా చేయగలరు. గ్రూపులు చెడిపోయేది ఆ తర్వాతే. నాలుగైదు వారాలకి ఒకాయన కాలు మీద కాలేసుకుని, “నేను మందులు మానేసి మూడు నెలలయిందండీ. పొద్దున్నే పొడపత్రి నములుతున్నా, హాయిగా ఉన్నా” అంటారు. గది అంతా ఆయన వైపు తిరుగుతుంది.

మా దగ్గర మొదటిసారి ఇలా జరిగినప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. పక్క కుర్చీలో డిగ్రీ చదివే కుర్రాడున్నాడు, చిన్నప్పటినుంచీ ఇన్సులిన్ మీదే. వాడు ఇంటికెళ్లి ఇంజెక్షన్ మానేశాడు. రెండో రోజుకి వాంతులు, ఆయాసం. ఇన్సులిన్ లేక రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరిగాయని ఐసీయూలో పెట్టారు. బతికాడు. ఆయనది టైప్ 2, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారవుతున్నా సరిపోని షుగర్. వీడిది టైప్ 1. టైప్ 1 వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాదు. 1922లో టొరంటోలో 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించేదాకా వీళ్లని బతికించే మందే లేదు. అంతకుముందు ఆకులూ అలములూ లేకనా?

కాబట్టి ఆ మాట వినపడగానే మిగతా మాటలన్నీ ఆపండి. తర్వాత పక్కకి పిలిచి చెబుదామనుకోవద్దు, విన్నవాళ్లు అప్పటికే విన్నారు. అలాగని తిట్టకండి. తిడితే ఆయన వచ్చే వారం రారు, మందు ఎలాగూ వేసుకోరు. అందరి ముందే మెల్లగా మూడు ప్రశ్నలు అడగండి. మీది ఏ టైపు? డాక్టరుకి చెప్పే మానేశారా? మానేశాక హెచ్‌బీఏ1సీ చేయించారా? ఈ రక్తపరీక్ష సుమారు మూడు నెలల షుగర్ సగటు చెబుతుంది, ‘హాయిగా ఉన్నా’ అన్న మాటకి అదే జవాబు.

పొడపత్రి గురించీ చెప్పండి. ఆ ఆకు నమిలితే కాసేపు నాలుకకి తీపి తెలియదు, పంచదార ఇసకలా ఉంటుంది. అందుకే షుగర్ విరిగిపోయిందని జనం నమ్ముతారు. చివరగా కుర్రాళ్ల వైపు తిరిగి, “ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు ఎవరి మాట వినీ ఒక్క డోసు కూడా ఆపకూడదు” అని గట్టిగా అనండి. ఆ సాయంత్రం మందు మానేసినాయనకీ, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకీ ఫోన్ చేయండి. వాంతులు, కడుపునొప్పి, మత్తు అంటే ఇక మాటలొద్దు, క్యాజువాల్టీకి తీసుకెళ్లండి.

ఇంత చేస్తే షుగర్ తగ్గుతుందా అని అడుగుతారు. కొంత తగ్గచ్చు, అద్భుతాలు ఆశించకండి. కేరళలో షుగర్ వచ్చే అవకాశం ఉన్న సుమారు వెయ్యి మందితో ఇలాంటి గ్రూపుల మీద చేసిన పరిశోధన 2018లో అచ్చయింది. జబ్బు రావడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు కానీ కొన్ని అలవాట్లు మెరుగయ్యాయి. మా దగ్గర నేను చూసిందీ అంతే. జనం పాదాలు చూసుకుంటున్నారు, మాత్రలు మర్చిపోవడం తగ్గింది.

నోటుబుక్కులో రీడింగులు రాయకండి. ఒకసారి మాది సెల్లారులో మర్చిపోతే వాచ్‌మన్ చదివేశాడు. మర్నాటికి ఎవరి షుగర్ ఎంతో అపార్ట్‌మెంటంతా తెలిసిపోయింది. ఇప్పుడు అందులో పేరు, ఫోన్ చేయాల్సిన రోజు మాత్రమే రాస్తున్నాం.