స్పితి లోయలో గైడుతో మౌంటెన్ బైక్ యాత్ర: ఎలా వెళ్లాలి?

స్పితికి సైకిల్ యాత్ర అనగానే అందరూ ముందు సైకిల్ గురించే అడుగుతారు. ఎన్ని గేర్లు, ఏ టైరు, ఎంత ధర? అవన్నీ తర్వాత చూసుకోవచ్చు. యాత్ర సాఫీగా సాగుతుందా, మూడో రోజుకే తలపోటుతో బండెక్కి వెనక్కి రావాలా అన్నది తేల్చేది సైకిల్ కాదు, కాళ్ల సత్తువ కూడా కాదు. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారన్నదే తేలుస్తుంది. కాబట్టి డబ్బు కట్టక ముందే మొదలుపెట్టాల్సిన పని ఇది.

1. పడకల ఎత్తులు కాగితం మీద రాయండి

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితికి రెండు దారులున్నాయి. ఒకటి సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా సట్లెజ్ నది వెంట, రెండోది మనాలి నుంచి కుంజుం కనుమ దాటి. నిర్వాహకులు పంపే కార్యక్రమంలో రోజుకు ఎన్ని కిలోమీటర్లో పెద్ద అక్షరాల్లో ఉంటుంది, రాత్రి బస ఎత్తు మాత్రం చాలాసార్లు ఉండదు. అడిగి రాయించుకోండి.

పర్వత వైద్యులు చెప్పే లెక్క ఇది: 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ మధ్య పడక ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకు ఒకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఆగాలి. పగలు ఎంత పైకి ఎక్కినా ఫర్వాలేదు, పడుకునేది కింద అయితే చాలు.

ఈ లెక్కతో రెండు దారులనూ చూడండి. మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు. అక్కడ బయలుదేరి రెండో రాత్రికే చంద్రతాల్ సరస్సు దగ్గర 4,200 మీటర్ల ఎత్తులోని గుడారంలో పడుకోబెట్టే ప్యాకేజీలున్నాయి. చూడడానికి అందంగానే ఉంటుంది, కానీ నిద్ర పట్టదు. నేనైతే ఆ దారిలో స్పితిలోకి వెళ్లమని ఎవరికీ చెప్పను. బయటికి రావడానికి మాత్రం అదే మంచి దారి.

సిమ్లా వైపు నుంచి వెళితే ఎత్తు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. సిమ్లా 2,200, కల్పా 2,960, టాబో 3,280, స్పితి ముఖ్య పట్టణం కాజా 3,650, కుంజుం కింద ఉన్న లోసర్ 4,080 మీటర్లు. దారిలో 3,660 మీటర్ల దగ్గర నాకో అనే అందమైన ఊరు ఉంది. చాలా కార్యక్రమాల్లో కల్పా తర్వాతి రాత్రి అక్కడే. ఒక్కసారిగా 700 మీటర్లు పెరుగుతుందన్నమాట. అలా ఉంటే కల్పాలో రెండు రాత్రులు అడగండి, లేదంటే నాకోలో భోజనం చేసి టాబోకు దిగి పడుకునేలా మార్చమనండి. ఆ మార్పుకు ఒప్పుకోని నిర్వాహకుణ్ని వదిలేయండి.

2. నెల ఎంచుకోండి

కుంజుం (సుమారు 4,550 మీటర్లు) చలికాలమంతా మంచు కింద ఉంటుంది. సరిహద్దు రోడ్ల సంస్థ మంచు తొలగించాక, మామూలుగా మే చివర్లోనో జూన్‌లోనో తెరుచుకుంటుంది. జులై, ఆగస్టుల్లో స్పితిలో వాన తక్కువే, కానీ అక్కడికి చేర్చే కిన్నౌర్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడతాయి. అందుకే జూన్ రెండో సగం, లేదా సెప్టెంబరు. నన్నడిగితే సెప్టెంబరే: వాగులు తగ్గుతాయి, ఆకాశం తేటపడుతుంది. రాత్రి చలి మాత్రం ఎముకలు కొరుకుతుంది.

3. గైడును ప్రశ్నలతో పరీక్షించండి

ముందొక గైడు, అందరికంటే వెనక ఇంకొకరు, వెంట ఒక బండి. ఈ మూడూ లేనిదాన్ని గైడు యాత్ర అనకూడదు. ఫోనులో ఇవి అడగండి: ఆక్సిజన్ సిలిండర్ బండిలో ఉంటుందా, బసలో ఉంటుందా? కాలిబాట మీద సైకిల్ తొక్కే రోజు బండి ఎటు నుంచి వచ్చి ఎక్కడ కలుస్తుంది? ప్రథమ చికిత్సలో గైడు శిక్షణ తీసుకున్నాడా? ఎవరికైనా ఎత్తు పడకపోతే రాత్రి రెండు గంటలకు కిందికి దించడానికి డ్రైవరు అందుబాటులో ఉంటాడా? ఆఖరి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు రావాలి. విడి డిరైలర్ హ్యాంగర్లు (గేరు మార్చే భాగాన్ని చట్రానికి పట్టి ఉంచే చిన్న ముక్కలు), బ్రేకు ప్యాడ్లు, చైన్ లింకులు ఉన్నాయేమో కూడా కనుక్కోండి. సిమ్లా దాటితే మంచి సైకిల్ దుకాణం దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

4. సైకిల్

ముందు సస్పెన్షన్ ఉన్న మామూలు హార్డ్‌టెయిల్ సరిపోతుంది. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు తప్పనిసరి. వెనక చక్రంలో అతి పెద్ద పళ్లచక్రానికి 50 దాకా పళ్లుంటే ఎక్కుడులో ప్రాణం నిలుస్తుంది. ఇక్కడి నుంచి సైకిల్‌ను పెట్టెలో సర్ది విమానంలో తీసుకెళ్లడం కంటే నిర్వాహకుల దగ్గర అద్దెకు తీసుకోవడమే తేలిక. కూర్చునే సీటు, పెడళ్లు మాత్రం మీవి పట్టుకెళ్లండి.

5. మూడు నెలలు సాధన చేయండి

మన తూర్పు కనుమల్లో ఎంత ఎత్తు కొండా 1,700 మీటర్లు దాటదు కాబట్టి ఎత్తుకు అలవాటు పడడం ఇక్కడ కుదిరే పని కాదు. ఇక్కడ కుదిరేది ఊపిరి, నడుము, బ్రేకు వేసే చెయ్యి. విశాఖ వాళ్లకు అరకు ఘాట్ ఉంది, హైదరాబాద్ వాళ్లకు వికారాబాద్ అనంతగిరి, బెంగళూరులో ఉన్నవాళ్లకు నంది కొండ. వారాంతంలో ఒక్కరోజు వంద కిలోమీటర్లు తొక్కి మంచమెక్కడం కంటే, శని ఆదివారాలు రెండు రోజులూ వరసగా మూడేసి గంటలు ఎక్కుడు తొక్కడం ఎక్కువ మేలు. యాత్రలో అసలు కష్టం మరుసటి రోజు మళ్లీ సీటు ఎక్కడమే. కంకర దారి మీద దిగడం కూడా అభ్యాసం చేయండి: పెడళ్లు రెండూ సమానంగా, పిరుదులు సీటుకు కాస్త పైన, చూపు పది మీటర్ల అవతల, ముందు బ్రేకు మీద ఒక్క వేలు.

6. కాగితాలు, మందులు, డబ్బు

భారతీయులకు ఈ దారిలో ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో విదేశీ పాస్‌పోర్టుతో వచ్చే మనవాళ్లకు మాత్రం కిన్నౌర్, స్పితిల మధ్య సరిహద్దు భాగానికి ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. ముందే నిర్వాహకులకు చెప్పి పెట్టండి.

ఎత్తు పడకపోవడాన్ని నివారించే ఎసిటజోలమైడ్ మాత్రలు వేసుకోవాలా వద్దా అన్నది మీ డాక్టర్ తేల్చాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. బీమా పాలసీలో సాహస క్రీడలకు, ఎత్తుకు పరిమితి ఏమైనా పెట్టారేమో చదవండి. కాజా దాటితే నగదే దిక్కు.

7. దారిలో, రోజువారీగా

ఉదయం ఏడుకల్లా సీటు మీద ఉండాలి. మధ్యాహ్నం దాటాక లోయలో ఎదురుగాలి లేస్తుంది, మంచు కరిగి వాగులు పొంగుతాయి. పొద్దున మడమ తడిసే వాగు సాయంత్రానికి మోకాలు దాటుతుంది. కుంజుం దాటి మనాలి వైపు వచ్చే దారిలో బటాల్, గ్రాంఫూల మధ్య ఇది మరీ ఎక్కువ.

4,500 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో 60 శాతం కూడా ఉండదు. అక్కడ తొక్కుతూ మాట్లాడగలిగితేనే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట తెగుతుంటే గేరు తగ్గించండి, అప్పటికీ తెగుతుంటే దిగి తోసుకెళ్లండి. ఇందులో నామోషీ లేదు. ఆకలి వేయకపోయినా గంటకోసారి ఏదో ఒకటి నమలండి. ఇంటి నుంచి తెచ్చుకున్న పల్లీపట్టి, ఖరీదైన ఎనర్జీ బార్ల కంటే ఏ విధంగానూ తక్కువ కాదు.

సాయంత్రం గైడు వేలికి రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఆక్సిమీటర్ పెడతాడు. వేళ్లు చల్లబడి ఉంటే అంకె తప్పు చూపిస్తుంది, ముందు అరచేతులు రుద్దుకోండి. నన్నడిగితే ఆ అంకె కంటే అతను చేసే రెండో పరీక్ష విలువైనది. బస ముందు దుమ్ములో చెప్పు కొనతో ఒక గీత గీసి, దాని మీద మడమకు బొటనవేలు ఆనించి పది అడుగులు నడవమంటాడు. అందరూ నవ్వుతూనే నడుస్తారు. ఎవరైనా తూలితే గైడు మళ్లీ నడవమంటాడు. రెండోసారీ తూలితే అతను వెళ్లేది డ్రైవరు దగ్గరికే. తూలడం మెదడులో వాపుకు గుర్తు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, నురగ దగ్గు ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికి గుర్తు. రెండింటికీ అసలు మందు వెంటనే కిందికి దిగడమే, తెల్లారే దాకా ఆగకూడదు. ఉత్త తలనొప్పి అయితే అదే ఎత్తులో ఆగి విశ్రాంతి తీసుకోండి, తగ్గేదాకా పైకి వెళ్లవద్దు. తలనొప్పిని దాచిపెట్టేవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు. వాళ్ల గదిలో ఉన్నది మీరైతే గైడుకు చెప్పేయండి, చాడీ అనుకోనక్కర్లేదు.

8. కాజాలో తొందరపడకండి

కనీసం మూడు రాత్రులు ఇక్కడే ఉండాలి. పగలు కీ మఠం, కిబ్బర్ (4,270 మీటర్లు) తొక్కి వచ్చి కాజాలోనే పడుకోవచ్చు. మరో రోజు సైకిళ్లను బండి మీద కోమిక్ (సుమారు 4,590 మీటర్లు) దాకా ఎక్కించి, హిక్కిం, లాంగ్జా మీదుగా దిగి రండి. దాదాపు 900 మీటర్ల దిగుడు. బ్రేకు అదే పనిగా నొక్కి పట్టుకుంటే డిస్కు కాలిపోతుంది. నొక్కి, వదిలి, మళ్లీ నొక్కండి. మలుపు లోపల కాదు, మలుపుకు ముందే వేగం తగ్గించాలి, లోపల కంకర జారుతుంది. హిక్కింలో తపాలా కార్యాలయం ఉంది, ఇంటికి కార్డు రాయడానికి పది నిమిషాలు చాలు.

9. కుంజుం దాటి బయటికి

లోసర్ నుంచి కుంజుం పైకి 19 కిలోమీటర్లు, ఎక్కుడు 500 మీటర్ల లోపే. పైన కుంజుం మాత గుడి ఉంది, దారిన పోయే బండ్లన్నీ దాని చుట్టూ ప్రదక్షిణ చేసే ముందుకు సాగుతాయి, మీరూ చేయండి. బటాల్‌కు దిగే మలుపులు రాళ్ల గుట్టలు. చేతులు నొప్పి పుడతాయి, మధ్యలో ఆగండి.

ఛత్రూలో (సుమారు 3,360 మీటర్లు) పడుకుంటే కాజా కంటే కిందికి వచ్చేసినట్టే. మర్నాడు గ్రాంఫూ దగ్గర నిర్ణయం మీది: అలసిపోతే సైకిల్‌ను బండెక్కించి మనాలి చేరడం, ఓపిక ఉంటే 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ కనుమ ఎక్కి అవతలికి దిగడం. రెండోది ఎంచుకుంటే ఎక్కుడు మొదలుపెట్టే ముందే గైడుతో బ్రేకు ప్యాడ్లు తీయించి చూడండి. అన్ని రోజుల దుమ్ముకు సగం అరిగిపోయి ఉంటాయి, రోహ్‌తాంగ్ నుంచి మనాలి 50 కిలోమీటర్ల దిగుడు, పైగా కార్లతో కిక్కిరిసిన రోడ్డు.